లెక్క తప్పిన అడవుల్లో ఎనిమిది రోజులు

అటవీ శాఖలో, ఏ అడవిని ఎప్పుడు ఎంత నరకాలో ముందుగా ప్రణాళిక రాసే వర్కింగ్ ప్లాన్ విభాగంలో పనిచేసినవాడికి అడవి ముందుగా లెక్కగానే పరిచయమవుతుంది. ఏ కంపార్ట్‌మెంటులో ఎన్ని చెట్లున్నాయి, ఏ చుట్టుకొలత తరగతిలో ఎన్ని ఉన్నాయి, ఏటా ఎంత కలప పెరుగుతోంది, ఏ కూపును, అంటే నరకడానికి గీసిన ఏ అడవి ముక్కను, ఏ ఏడాది నరకాలి, మళ్లీ అదే కూపుకు ఎన్నేళ్లకు రావాలి అని రాసుకుంటూనే నా ఉద్యోగమంతా గడిచిపోయింది. ఈ లెక్క మనకు జర్మనీ నుంచి వచ్చింది. 1856లో బర్మాలోని పెగూ టేకు అడవుల బాధ్యత తీసుకుని, 1864లో భారతదేశపు మొదటి ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆఫ్ ఫారెస్ట్స్ అయిన డీట్రిచ్ బ్రాండిస్ బాన్ నగరంలో పుట్టినవాడు. ఏనుగు మీద కూర్చుని, ఒక చేతిలో వెదురు పుల్లలు, మరో చేతిలో చాకు పట్టుకుని, దారి పక్కన కనిపించిన ప్రతి టేకు చెట్టుకూ దాని తరగతిని బట్టి ఒక్కో పుల్ల మీద గాటు పెట్టుకుంటూ ఆయన తొలి అంచనాలు వేశాడు. మేం తరువాత కంప్యూటర్లలో నింపిన పట్టికలన్నీ ఆ గాట్లకు మనవలే.

పదవీ విరమణ తరువాత ఆ లెక్క పుట్టిన చోటు చూడాలనిపించింది. తీరా వివరాలు సేకరించడం మొదలుపెడితే, అక్కడి అడవులే ఎండిపోతున్నాయని తెలిసింది. 2018 జనవరి నుంచి 2021 ఏప్రిల్ వరకు, అంటే మూడేళ్ల పైచిలుకు కాలంలో, జర్మనీలో దాదాపు 5 లక్షల హెక్టార్ల మేర చెట్ల కప్పు పోయిందని ఉపగ్రహ చిత్రాల పరిశీలనలో తేలింది. పెరిగినంతే నరకాలన్న నియమాన్ని ప్రపంచానికి నేర్పిన దేశంలో ఇంత నష్టం ఎలా జరిగిందన్న ప్రశ్నను వెంటబెట్టుకుని జూన్ నెలలో ఎనిమిది రోజులు తిరిగాను. అప్పుడు ఏ రాత్రికి ఆ రాత్రి రాసుకున్నదాన్నే ఇక్కడ కొంచెం సర్ది ఇస్తున్నాను.

మొదటి రోజు: ఫ్రైబెర్గ్

డ్రెస్డెన్ నుంచి ఫ్రైబెర్గ్‌కు రైలులో గంట కూడా పట్టదు. 1168లో ఇక్కడ వెండి బయటపడింది, ఆ వెండి వల్లనే ఊరు వెలిసింది. నేను వెళ్లింది మాత్రం కర్ర సంగతి తెలుసుకోవడానికి. రైహె జెహె అనే పాత గనిలో సందర్శకులను లిఫ్టులో దాదాపు 150 మీటర్ల లోతుకు దింపుతారు. తలమీది దీపం వెలుగులో ముందు కనిపించేది రాయి, ఆ తరువాత ఆ రాయిని మోస్తున్న దుంగలు. తడిసి నల్లబడిన ఒక దుంగ మీద చెయ్యి వేసి చూశాను. గొడ్డలి దెబ్బల ఆనవాళ్లు వేళ్లకు ఇంకా తగులుతూనే ఉన్నాయి.

ఒక్క గనికి ఎంత కర్ర కావాలో అక్కడ నిలబడితేనే బోధపడుతుంది. సొరంగం కూలకుండా దుంగలు కావాలి. తుపాకిమందు వాడకం రాకముందు గట్టి రాతిని పగలగొట్టడానికి దాని పక్కన మంట పెట్టి కాల్చేవారు, దానికీ కర్రే కావాలి. పైకి తెచ్చిన ఖనిజాన్ని కరిగించే కొలుములకు బొగ్గు కావాలి, ఆ బొగ్గు చేయడానికి మళ్లీ చెట్లే కావాలి. ఐదు వందల ఏళ్లకు పైగా ఇలా సాగిన తరువాత చుట్టుపక్కల కొండలు బోడివైపోవడంలో ఆశ్చర్యం లేదు. ఖనిజం అయిపోకముందే కర్ర అయిపోతే గని మూతపడుతుందన్న భయం నుంచే సుస్థిర అటవీ నిర్వహణ అనే ఆలోచన పుట్టింది.

ఆ భయాన్ని కాగితం మీద పెట్టినవాడు హాన్స్ కార్ల్ ఫాన్ కార్లోవిట్స్. అటవీ శాస్త్రానికి మూలపురుషుడని అందరూ చెప్పుకునే ఈయన నిజానికి గనుల అధికారి, ఆ శాఖకు పెద్ద తలకాయ. 1713లో, చనిపోవడానికి ఒక ఏడాది ముందు, చెట్ల పెంపకం మీద ఆయన రాసిన ‘సిల్వికల్చురా ఎకనోమికా’ అచ్చయింది. అందులో ఒకచోట కర్ర వాడకం ‘నాఖ్‌హాల్టెండె’ రీతిలో ఉండాలన్నాడు. ఎడతెగకుండా నిలిచేలా, కొంత వెనక్కి పట్టి ఉంచుకుంటూ వాడుకోవడమని దాని భావం. ఇప్పుడు మనం సభల్లోనూ పత్రికల్లోనూ వాడే సుస్థిరత అన్న మాటకు జర్మన్ భాషలో ఉన్న పేరు ఆ పదం నుంచి వచ్చిందే.

కార్లోవిట్స్‌ను తలచుకునేవారు చాలామంది సగం దగ్గరే ఆగిపోతారని నాకు అనిపిస్తుంది. నరికిన చోట విత్తండి, నాటండి అని మాత్రమే ఆయన చెప్పలేదు. ఇళ్లు వెచ్చగా ఉండేలా కట్టుకోండి, తక్కువ కర్రతో మండే పొయ్యిలు వాడండి, వీలున్నచోట కర్రకు బదులు పీటు, అంటే బురద నేలల్లో తవ్వి తీసే కుళ్లిన మొక్కల మట్టి, కాల్చండి అని కూడా రాశాడు. అంటే అడవిని పెంచడం ఎంత ముఖ్యమో, అడవి మీద పడే అక్కరను తగ్గించడం కూడా అంతే ముఖ్యమని ఆయనకు తెలుసు. మా వర్కింగ్ ప్లాన్లలో మొదటి సగానికి వందల పేజీలుండేవి, రెండో సగానికి ఒకటి రెండు పేరాలు దక్కేవి.

ఆయన లెక్కలో ఒక్క అంశం మాత్రం రాయకుండానే రాసినట్టుగా ఉంది. చలికాలం చలిగా ఉంటుంది, వేసవిలో వానలు పడతాయి, తాత నాటిన చోట తాత నాటిన చెట్టే మనవడి కాలంలోనూ పెరుగుతుంది. ఆ రోజుల్లో దీన్ని అనుమానించాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

రెండో రోజు: థారాంట్

ఫ్రైబెర్గ్ నుంచి డ్రెస్డెన్ వైపు వెనక్కి వచ్చే దారిలోనే, ఇరుకైన లోయలో థారాంట్ ఉంది. హైన్రిఖ్ కోటా అనే అటవీ శాస్త్రజ్ఞుడు 1811లో తన అటవీ పాఠశాలను ఇక్కడికి మార్చాడు. ప్రపంచంలో అటవీ విద్య పుట్టిన చోట్లలో ఇది ఒకటి. ఇప్పుడది డ్రెస్డెన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో భాగంగా నడుస్తోంది, అదే ఏడాది మొదలైన వృక్షోద్యానం కూడా ఇంకా ఉంది. ఊరి పైన బీచ్ చెట్ల నీడలో నడిచి వెళితే కోటా సమాధి వస్తుంది. ఆయన ఎనభయ్యో పుట్టినరోజుకు 80 ఓక్ మొక్కలు నాటారట. ఆ మరుసటి ఏడాది, 1844లో, ఆయన పోతే ఆ ఓకుల మధ్యనే ఉంచారు. అటవీ అధికారికి అంతకన్నా మంచి చోటు దొరకదు.

సమాధి దగ్గర కాసేపు కూర్చుని, మధ్యాహ్నానికి థారాంట్ అడవిలోకి వెళ్లాను. ఒక గంట నడిచేసరికి నాకు ఎక్కడో చూసిన చోటికి వచ్చినట్టు అనిపించసాగింది. దారులన్నీ తాడు పట్టి గీసినట్టు తిన్నగా ఉన్నాయి, ఒకదాన్నొకటి దాదాపు లంబకోణంలో ఖండించుకుంటున్నాయి. ఒక దిక్కుకు పోయే దారులకు అంకెలు, అడ్డంగా పోయేవాటికి అక్షరాలు పెట్టారు. ఒక కూడలిలో నాచు పట్టిన చిన్న రాయి మీద చెక్కిన అంకెను వేలితో తుడిచి చదువుతుంటే, మా కంపార్ట్‌మెంటు రాళ్లను వెతుక్కుంటూ ముళ్లపొదల్లో తిరిగిన రోజులు గుర్తొచ్చాయి. అడవిని గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడికి ఒక్కో వయసు కేటాయించి, ఏటా ఒక వంతు నరికి మళ్లీ నాటే ఈ పద్ధతిని ఈ ఊళ్లున్న సాక్సనీ ప్రాంతంలో కోటా తరం స్థిరపరిచింది.

ఆ గళ్లలో ఏ చెట్టు నాటాలన్నది తరువాతి తరం తేల్చింది. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో ఇదే థారాంట్‌లో పాఠం చెప్పిన మాక్స్ ప్రెస్లర్ అడవి నేలను పెట్టుబడిగా చూసి, దాని మీద వడ్డీ లెక్క కట్టాడు. ఆ లెక్కలో నిదానంగా పెరిగే బీచ్, ఓక్ ఓడిపోయాయి, తిన్నగా, తొందరగా పెరిగే స్ప్రూస్ గెలిచింది. స్ప్రూస్ సహజంగా చల్లటి ఎత్తైన కొండల చెట్టు. దాన్ని తెచ్చి పల్లపు నేలల్లో, ఒకే వయసు మొక్కలుగా, వరసల్లో నాటారు. వేరు ఎక్కువ లోతుకు పోదు, పళ్లెంలా పైపైనే పరుచుకుంటుంది. వానలు వేళకు పడినంత కాలం ఆ పళ్లెం నిండుతూనే ఉంది, లెక్కకు తగ్గట్టు కలప వస్తూనే ఉంది. ప్రెస్లర్‌ను తప్పుపట్టడం నాకిష్టం లేదు. మనం నాటిన యూకలిప్టస్ తోటల వెనక ఉన్న లెక్క కూడా అదే.

ఒక గడిలో గత చలికాలం నరికిన స్ప్రూస్ మొద్దులున్నాయి. ఒకదాని పక్కన మోకాళ్ల మీద కూర్చుని, బయటి అంచు నుంచి లోపలికి వలయాలు లెక్కపెట్టాను. జేబులో ఎప్పుడూ ఉండే చిన్న స్కేలు, భూతద్దం ఆ పూట అక్కరకు వచ్చాయి. లోపలి వలయాలు చాలావరకు మూడు నాలుగు మిల్లీమీటర్ల మందాన విశాలంగా ఉన్నాయి. అంచుకు దగ్గర్లో ఒకచోట మాత్రం మూడు వలయాలు ఒకదాని మీద ఒకటి పడుకున్నట్టు అతుక్కుని, మూడూ కలిపితే గోరు మందం కూడా లేవు. లెక్క సరిచూసుకుంటే అవి 2018, 2019, 2020 సంవత్సరాలవి. వరసగా వచ్చిన ఆ ఎండు వేసవుల గురించి నేను చాలా చదివాను, కానీ ఆ మూడు గీతలు చెప్పినంత బాగా ఏ వ్యాసమూ చెప్పలేదు.

ఇదే అడవిలో స్ప్రూస్‌ల తలల పైకి లేచిన ఒక కొలతల టవరుంది. 1996 నుంచి అక్కడ అడవి ఊపిరిని కొలుస్తున్నారు. గాలి పైకీ కిందికీ కదిలే వేగాన్నీ, ఆ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌నూ సెకనుకు అనేకసార్లు కొలిచి, అడవి ఎంత పీల్చుకుంది, ఎంత వదిలింది అని తేలుస్తారు. లోపలికి సందర్శకులను రానివ్వరు కాబట్టి కంచె బయట నుంచే చూశాను. కోటా కాలంలో చెట్టు వయసు, ఎత్తు, చుట్టుకొలత తెలిస్తే చాలనుకునేవారు. ఇప్పుడు అదే గళ్ల అడవిలో గాలిని, నేలలో తడిని, ఆకు నుంచి ఆవిరయ్యే నీటిని కూడా పద్దులో రాయాల్సి వస్తోంది.

మూడో రోజు: ఆల్టెన్‌బెర్గ్

చెక్ సరిహద్దు మీది ఎర్ట్స్ పర్వతాలకు వెళ్లాను. 905 మీటర్ల కాలెబెర్గ్ శిఖరం ఎక్కడం పెద్ద కష్టమేమీ కాదు. 1970లు, 80లలో సరిహద్దుకు ఆవల గోధుమ రంగు బొగ్గు (లిగ్నైట్) మండించే విద్యుత్ కేంద్రాల నుంచి వచ్చిన గంధకపు పొగకు ఈ శిఖరాల మీది స్ప్రూస్ అడవి దాదాపు మొత్తం చచ్చిపోయింది. అప్పటి తూర్పు జర్మనీ అటవీ శాఖవారు పొగను ఆపలేక, పొగను తట్టుకునే చెట్టు కోసం వెతికి, అమెరికాలోని రాకీ పర్వతాల నీలి స్ప్రూస్‌ను తెచ్చి నాటారు. 1990ల తరువాత పొగగొట్టాలకు గంధకాన్ని పట్టే యంత్రాలు పెట్టారు, హెలికాప్టర్లతో సున్నం చల్లి నేల పులుపు తగ్గించారు, అడవి తేరుకుంది. నీలి స్ప్రూస్ గుంపులు మాత్రం వచ్చిన పని అయిపోయినా వెళ్లలేని చుట్టాల్లా అక్కడక్కడా ఇంకా నిలబడే ఉన్నాయి. ఒక ఆపదను చూసి ఎంచుకున్న చెట్టు, ఆ ఆపద తీరాక కూడా నూరేళ్లు ఉంటుంది. రేపటి ఎండలకు తగిన చెట్టు ఫలానా అని ఎవరైనా గట్టిగా చెబుతుంటే నాకు ఆ నీలి రంగు గుర్తొస్తుంది.

నాలుగో రోజు: రైళ్లలో

హార్జ్ పర్వతాల పాదంలోని వెర్నిగెరోడె చేరడానికి పగలంతా పట్టింది. ఒకచోట బండి ఆలస్యమై, అందుకోవాల్సిన బండి కళ్లముందే వెళ్లిపోయింది. ప్లాట్‌ఫారం బల్ల మీద కూర్చుని, జర్మనీ 2022 నాటి జాతీయ అటవీ గణన ఫలితాలు చదువుకున్నాను. 1987లో మొదలైన ఈ గణనలో ఇది నాలుగోది. నిర్ణీత దూరాల్లో గీసిన ఊహారేఖల కూడళ్ల దగ్గర నిలబడి చెట్లను కొలిచే ఈ పద్ధతిని నమ్మవచ్చు, మనం చేసేదీ కొంత అలాంటిదే. 2012లో అడవిలో దాదాపు నాలుగో వంతున్న స్ప్రూస్ 2022 నాటికి 21 శాతానికి దిగింది, మొదటి స్థానం పైన్‌కు పోయింది. అంతకన్నా పెద్ద మాట మరొకటుంది. 2017తో పోలిస్తే అడవిలో నిల్వ ఉన్న కార్బన్ 41.5 మిలియన్ టన్నులు తగ్గింది. కార్బన్‌ను పీల్చి దాస్తుందని లెక్కలో జమ వైపు రాసుకున్న అడవి ఖర్చు వైపుకు మారిందన్నమాట. నరుకుడు ఎక్కువై అలా జరగలేదు, ఎండ, గాలివాన, పురుగు కలిసి ఆ పని చేశాయి. నేను వెంటబెట్టుకుని వచ్చిన ప్రశ్నకు సగం జవాబు ఆ ప్లాట్‌ఫారం మీదే దొరికింది: పెరిగినంతే నరకాలన్న నియమాన్ని ఎవరూ మీరలేదు, పెరుగుదలే మాట తప్పింది.

ఐదో రోజు: బ్రొకెన్

పొగబండి ఇంకా నడుస్తున్న మీటర్‌గేజీ దారి మీద బ్రొకెన్ శిఖరానికి వెళ్లాను. ఎత్తు 1141 మీటర్లు, ఏడాదిలో చాలా రోజులు మంచు పొగలోనే ఉంటుంది. నా అదృష్టం కొద్దీ ఆ రోజు తెరిపిగా ఉంది. అదృష్టమో కాదో మరి, తెరిపిగా ఉండడం వల్ల కనిపించిందంతా కనిపించింది. షీర్కె దాటాక రైలు కిటికీకి రెండు వైపులా కొండంతా బూడిద రంగు కర్రలే. ఆకు లేదు, కొమ్మ లేదు, బెరడు లేదు. ఒక కొండ కాదు, దాని వెనక కొండ, ఆ వెనక కొండ కూడా అంతే. బండిలో అప్పటిదాకా ఫొటోలు తీసుకుంటున్నవాళ్లు కాసేపు మాటలు ఆపేశారు.

దిగేటప్పుడు కాలిబాటన షీర్కె దాకా నడిచాను. దారిలో రాలి పడి ఉన్న ఒక బెరడు ముక్కను తీసుకుని తిప్పి చూశాను. లోపలివైపు, అచ్చు వేసినట్టుగా, ఒక నిలువు గాడి, దానికి రెండు పక్కలా దువ్వెన పళ్లలా అడ్డగాళ్లు. ఈ పనిచేసే పురుగు పొడవు బియ్యపుగింజంత, 5 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. జర్మన్లు దీన్ని పుస్తకాలు అచ్చువేసేవాడు అని పిలుస్తారు. ముందు మగపురుగు బెరడును తొలిచి లోపల చిన్న గది చేసుకుని వాసన వదులుతుంది. ఆ వాసనకు ఆడపురుగులు వచ్చి, ఒక్కొక్కటి చెట్టు నిలువునా ఒక గాడి తొలుచుకుంటూ దాని అంచుల్లో గుడ్లు పెడుతుంది. పొదిగిన పిల్లలు పక్కలకు తొలుచుకుంటూ పోతాయి, అవి పెరిగిన కొద్దీ గాడి వెడల్పవుతుంది. చెట్టు ఆకుల్లో వండుకున్న ఆహారం కిందికి దిగేది సరిగ్గా ఆ పొరలోనే, కాబట్టి పొర పోతే చెట్టు పోతుంది. నేను ఆ ముక్కలో ఒక్క నిలువు గాడికి ఒక పక్కన 34 అడ్డగాళ్లు లెక్కపెట్టి, దాన్ని తీసినచోటే పెట్టేశాను.

ఈ పురుగు కొత్తగా వచ్చిందేమీ కాదు, స్ప్రూస్ ఉన్నంత కాలంగా ఉంది. నీరు చాలినంత తాగిన చెట్టు తొలిచిన కన్నంలోంచి జిగురు చిమ్మి పురుగును ముంచేస్తుంది. 2018 జనవరిలో వచ్చిన గాలివానకు లెక్కలేనన్ని చెట్లు కూలాయి, పడిపోయిన చెట్టుకు జిగురు చిమ్మే శక్తి ఉండదు కాబట్టి పురుగుకు అది సత్రమైంది. ఆ వెంటనే వచ్చిన ఎండు వేసవిలో నిలబడ్డ చెట్ల జిగురు కూడా ఎండిపోయింది. సాధారణంగా ఏడాదికి రెండు తరాలు పెట్టే పురుగు వేడి ఎక్కువైన ఏడాదిలో మూడు తరాలు పెట్టింది. గాలి, ఎండ, వేడి, పురుగు అని నాలుగు పేర్లు చెబుతాం కానీ ఇవి ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని వచ్చాయి. వీటికి ఎదురుగా మైళ్ల పొడవునా ఒకే జాతి, ఒకే వయసు చెట్లు వరసగా నిలబడి ఉన్నాయి. సహజంగా అయితే ఈ కొండల్లో పైభాగానే స్ప్రూస్ ఉండాలి, కింద అంతా బీచ్ ఉండాలి.

జాతీయ ఉద్యానవనం కాబట్టి లోపల చచ్చిన చెట్లను కొట్టకుండా వదిలేశారు. పొరుగు అడవులకు పురుగు పాకకుండా అంచు పట్టీలో మాత్రం పట్టిన చెట్లను తీస్తారు. ఈ నిర్ణయం మీద ఇక్కడ పెద్ద గొడవే జరిగింది. 2022 సెప్టెంబరులో బ్రొకెన్ పక్కన మంటలు లేచి రోజుల తరబడి ఆరనప్పుడు, ఆ ఎండుకర్రను ముందే తీసేసి ఉండాల్సిందని చాలామంది అన్నారు. నిప్పుతో వేగిన అనుభవం నాకూ ఉంది కాబట్టి ఆ వాదనను కొట్టిపారేయలేను. అయితే నిప్పును పరుగెత్తించేది ఎండుగడ్డి, సన్నని పుల్ల. నేల మీద పడి నానిన లావు మాను నీళ్లు పట్టిన స్పాంజిలా ఉంటుంది. నిలువునా ఎండిన సన్నమాకులు, గడ్డి కలిసిన చోట భయపడాల్సిందే. దారుల పక్కన, రైలు పట్టాల పక్కన, అగ్నిమాపక బండ్లు వెళ్లాల్సిన చోట తీసేసి, లోపల వదిలెయ్యడం తెలివైన రాజీగా నాకు తోచింది. ఊరికి ఆనుకున్న కొండ అయితే నేను ఇంకొంచెం ఎక్కువే తీయించేవాణ్ణి.

బూడిద కర్రల కింద వంగి చూస్తే నేల ఖాళీగా లేదు. మోకాలెత్తు బిర్చ్, ఎర్రకాయల రోవన్, వాటి నీడలో వేలెడు స్ప్రూస్ మొక్కలు కనిపించాయి. రైలు కిటికీలోంచి ఇవేవీ కనిపించవు.

ఆరో రోజు: ఉద్యానవనం బయట

పదవీ విరమణ చేసిన ఒక స్థానిక అటవీ అధికారి ఇవాళ నాకు తోడు వచ్చాడు. ఉద్యానవనం సరిహద్దు దాటితే ఆయన పనిచేసిన అడవి. కలప కోసం పెంచే అడవి కాబట్టి ఇక్కడ చచ్చిన స్ప్రూస్‌ను కొట్టి అమ్మారు. ఒక్కసారిగా అందరూ అమ్మడంతో కలప ధర పడిపోయింది, చాలా దుంగలు ఓడలెక్కి చైనాకు వెళ్లాయి. “మూడు తరాలకు రాసుకున్న నరుకుడు మూడేళ్లలో అయిపోయింది, పట్టికలో రాయడానికి గడులు చాలలేదు” అన్నాడాయన. ఇద్దరం నవ్వాం, కానీ నవ్వు రాలేదు.

కొట్టేసిన కొండవాలులో కొత్తగా నాటిన మొక్కలను చూపించాడు. ఒకచోట బీచ్, పక్కన మేపుల్, పైన సిల్వర్ ఫర్, మరోచోట ఓక్, అమెరికా పశ్చిమ తీరం నుంచి వచ్చిన డగ్లస్ ఫర్. ఏ ఒక్కదాన్నీ పెద్ద గుంపుగా వేయలేదు. స్ప్రూస్ బదులు బీచ్ నాటితే సరిపోతుందా అని అడిగాను. 2018 తరువాత వచ్చిన ఎండలకు నిండు వయసు బీచ్‌లు కూడా పైకొమ్మలు ఎండబెట్టుకున్నాయని చెప్పి, ఒక చెట్టు వైపు వేలు చూపించాడు. కింద పచ్చగానే ఉంది, తల మాత్రం ముసలివాడి నెత్తిలా పలచబడింది. ఏ చెట్టు నిలుస్తుందో తెలియనప్పుడు అన్నీ కాస్త కాస్త వేసి, ఒకటి పోయినా అడవి పోకుండా చూసుకోవడమే ఇప్పుడు వాళ్ల పద్ధతి. మెట్ట రైతు ఒకే చేలో కంది, జొన్న, ఆముదం కలిపి వేసుకున్నట్టుగా ఉంది. వాన ఎలా పడుతుందో తెలియనివాడి వ్యవసాయం ఎక్కడైనా ఒకటే.

విత్తనం ఎక్కడిదన్న దాని మీద చాలాసేపు మాట్లాడుకున్నాం. ఎండను తట్టుకుంటుందని దక్షిణాది నుంచి తెచ్చిన విత్తనం ఇక్కడ తొందరపడి చిగురిస్తే, వసంతం చివర్లో ఒక్క రాత్రి పడే గడ్డమంచుకు ఆ చిగురంతా నల్లబడిపోతుంది. సగటు వేడి పెరిగినంత మాత్రాన మంచు కురవడం మానదు. డెబ్బై ఏళ్ల తరువాతి వేసవిని, వచ్చే వసంతపు రాత్రిని ఒకే మొక్క తట్టుకోవాలి. నాటేవాడికి ఇంతకన్నా కఠినమైన పరీక్ష నేను ఎరుగను. అందుకే నాటిన మొక్కకన్నా తనంతట తాను మొలిచిన మొక్కను ఆయన ఎక్కువ నమ్ముతాడు. వేలకొద్దీ మొలకల్లో ఆ నేలకు, ఆ గాలికి తట్టుకున్నదే మిగులుతుంది కదా అన్నాడు.

అన్ని మాటలూ అయ్యాక ఒక సిల్వర్ ఫర్ మొక్క దగ్గర నన్ను వంగమన్నాడు. పక్కనున్న స్ప్రూస్ మొక్క నా నడుమెత్తుంటే ఇది నా చీలమండ దాటలేదు. రెండూ ఒకే వయసు. ఫర్ మొక్క నడి చిగురును ప్రతి చలికాలం జింక కొరికేస్తే, అది పక్కలకే పెరిగి చిన్న గొడుగులా అయిపోయింది. స్ప్రూస్ ఆకు గుచ్చుకుంటుంది కాబట్టి జింక దాని జోలికి పోదు. లోతుగా వేరు దించి ఎండకు తట్టుకునే జాతిని జింక తింటుంది, ఎండకు చచ్చేదాన్ని వదిలేస్తుంది. జింకల సంఖ్య అదుపులో లేకపోతే ఎంత మంచి మిశ్రమం నాటినా పదేళ్లలో మళ్లీ స్ప్రూస్ ఒక్కటే మిగులుతుంది. కంచె వేయవచ్చు, కానీ వేల హెక్టార్లకు ఎవరు వేయగలరు? వేటకు అనుమతుల సంఖ్య పెంచాలని అటవీ అధికారులు, తగ్గించాలని వేటగాళ్లు వాదులాడుకుంటూనే ఉన్నారట. ఆ కురచ గొడుగును చూశాక, అధికారుల పక్షానే నేనూ చేరాను.

ఏడో రోజు

బవేరియా దాకా రైళ్లు, చివరికి కొండల్లో చిన్న బండి. కిటికీ పక్కన నిద్రపోయాను.

ఎనిమిదో రోజు: లూజెన్

బవేరియన్ ఫారెస్ట్ 1970లో ఏర్పడింది, జర్మనీలో మొదటి జాతీయ ఉద్యానవనం ఇదే. 1983 ఆగస్టులో పెద్ద గాలివాన ఇక్కడ అడవిని నేలకూల్చినప్పుడు, పడిన చెట్లను అలాగే ఉంచాలని అప్పటి బవేరియా అటవీ మంత్రి హాన్స్ ఐజెన్‌మాన్ నిర్ణయించాడు. మన పిల్లలకు, వాళ్ల పిల్లలకు ఆదిమ అడవి కావాలన్నాడు. పడిన చెట్లలో పురుగు పెరిగింది, 1990లలో కొండ పైభాగాల మీది స్ప్రూస్ వేల హెక్టార్లలో చచ్చిపోయింది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు తమ అడవిని పాడు చేశారని ఆగ్రహించారు. నాకు ఉద్యోగం ఉన్న రోజుల్లో ఎవరైనా ఇలాంటి ప్రతిపాదన తెస్తే ఫైలు మీద ఏం రాసి ఉండేవాణ్ణో నాకు బాగా తెలుసు.

బస్సు దిగి, 1373 మీటర్ల లూజెన్ శిఖరానికి రాతి మెట్ల దారి పట్టాను. స్వర్గానికి నిచ్చెన అని దాని పేరు. మోకాళ్లు ఆ పేరును మూడుసార్లు గుర్తుచేశాయి. పైన పెద్ద పెద్ద రాతి గుండ్లు, వాటి మీద పసుపుపచ్చ నాచు మరకలు. చుట్టూ చూస్తే హార్జ్‌లో చూసిన బూడిద కర్రలే ఇక్కడా ఉన్నాయి, కానీ చాలావరకు విరిగి పడిపోయాయి. మిగిలినవాటి మధ్య నుంచి ఆకుపచ్చ దట్టంగా, ఎగుడుదిగుడుగా పైకి లేచింది. ముప్పై ఏళ్ల కిందట చచ్చిందనుకున్న కొండ అది.

దిగుతూ దారి పక్కన ఒక పడిపోయిన మాను దగ్గర ఆగాను. దశాబ్దాలుగా అలాగే పడి ఉండి, చెయ్యి పెడితే లోపలికి దిగేంత మెత్తబడింది. దాని వీపు మీద, గడ్డి అందుకోలేని ఎత్తులో, నాచులో వేళ్లు పాతుకుని చిన్న స్ప్రూస్ మొక్కలు వరసగా నిలబడి ఉన్నాయి. ఎవరూ తాడు పట్టలేదు, అయినా వరస తిన్నగానే ఉంది, మాను ఎలా పడితే అలా. ఈ కొత్త మొక్కలు కూడా స్ప్రూసే కదా, మళ్లీ ఎండ కాస్తే ఏమవుతాయన్న సందేహం నాకు రాకపోలేదు. అయితే ఇది స్ప్రూస్‌కు సొంత ఎత్తు. పైగా వయసులు, ఎత్తులు కలగాపులగంగా ఉన్నాయి, మధ్యమధ్య రోవన్, కొంచెం కిందికి దిగితే బీచ్ పైకి ఎగబాకుతున్న జాడలు ఉన్నాయి. పురుగుకు ఇంత గతుకుల దారిలో పరుగెత్తడం తేలిక కాదు. కలప కావాల్సిన చోట ఇలా వదిలెయ్యమని నేను ఇప్పటికీ అనను, మొన్నటి అధికారి పనే అక్కడ చేయాలి. కానీ ఆ అధికారి ఏ జాతి నాటాలో తేల్చుకోవడానికి ఇలా ఎవరూ ముట్టుకోని కొండ ఒకటి పక్కన ఉండాలి.

అలవాటు పోలేదు. మాను మీద ఒక మీటరు పొడవును స్కేలుతో కొలిచి, అందులోని మొక్కలు లెక్కపెట్టాను. స్ప్రూస్ 17, రోవన్ 2, పేరు తెలియని గడ్డిజాతి ఒకటి. చిన్నది చిటికెనవేలంత, పెద్దది జానెడు. పుస్తకంలో రాసుకుని, పక్కన నాటిన సంవత్సరం అన్న గడిలో ఏం రాయాలో తోచక ఖాళీగా వదిలేశాను. కింద బస్సు హారన్ వినిపించింది. అదే ఆఖరి బస్సు.